అమ్మ పడుకుంది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా ముందు నా ముఖం చూసి, ఆ పూట ఎండగా ఉందా మబ్బుగా ఉందా అని తేల్చుకున్నాకే, చేతులు బిగుతయ్యాయని చెప్పే ధైర్యం చేస్తారు. అలాంటి నేను మా మరదలి గురించి చెప్పాలంటే మాత్రం గొంతు తగ్గించేస్తాను. కింద ఆమె పడుకుని ఉంటుందేమోనని. అలవాటైపోయింది.

మరదలంటే మా తమ్ముడి భార్య. కింది వాటా వాళ్ళది, పై వాటా నాది. తమ్ముడు బస్సు డ్రైవరు. ఆమె రొట్టెల బట్టీలో రాత్రి పని చేస్తుంది. పిండి కలిపే యంత్రం దగ్గర నిలబడి, సాగిన పిండిని ముద్దలుగా కోసి, రేకుల్లో సర్ది, పొయ్యిలోకి తోసి, కాలినవి తీసి, దుకాణాలకు వెళ్ళే బండి ఎక్కించి తెల్లారేసరికి ఇంటికి వస్తుంది. కనుబొమల మీద పిండి అలాగే ఉంటుంది. ఈమె గుమ్మం ఎక్కుతుంటే వాడు గుమ్మం దిగుతుంటాడు. సాయంత్రం వాడు ఎక్కుతుంటే ఈమె దిగుతుంది. "మీరిద్దరూ మొగుడూపెళ్ళాలు కాదర్రా, డ్యూటీ మార్చుకునే కండక్టర్లు" అనేదాన్ని. తమ్ముడు నవ్వేవాడు. ఆమెకు నవ్వే ఓపిక కూడా లేక తలాడించేది.

పగటి పని దొరక్క కాదు. దొరికింది, వద్దంది. "పిల్లలు బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉండాలి వదినా. తాళం చూస్తూ వాళ్ళు గుమ్మంలో కూర్చోకూడదు" అంది. చిన్నప్పుడు తను అలా కూర్చున్న పిల్లే. ఆ సంగతి ఒక్కసారే చెప్పింది, నేనూ మళ్ళీ అడగలేదు.

ముగ్గురూ మగపిల్లలే. పెద్దోడు, నడిపోడు, బుడ్డోడు. బడిలో వేరే పేర్లున్నాయి గానీ ఇంట్లో ఎవరూ వాటిని వాడరు. పెద్దోడికి తొమ్మిదేళ్ళు, ముఖం మాత్రం పింఛను తీసుకునే పెద్దమనిషిది. నడిపోడు వాడికంటే రెండేళ్ళు చిన్న. వాడికి ఊరికే నవ్వొస్తుంది, కుర్చీని చూసినా నవ్వే. బుడ్డోడికి ఇంకా నాలుగు నిండలేదు, నోరు తెరిస్తే మైకు.

ఈ ముగ్గురూ ఉన్న ఇంట్లో పగలు చప్పుడుండదంటే మీరు నమ్మరు. నిజంగానే ఉండదు.

అది ఎలా మొదలైందంటే, బుడ్డోడు ఉయ్యాలలో ఉన్న రోజుల్లో పగలంతా ఒకటే ఏడుపు. ఆమెకు కంటి మీద కునుకుండేది కాదు. ఒక రాత్రి పొయ్యి దగ్గర నిలబడే తూలి, కాలుతున్న రేకు మీద ముంజేయి ఆనించేసింది. పొద్దున కట్టుతో ఇంటికి వస్తే పెద్దోడు ఆ కట్టు వంకే చూస్తూ, "అమ్మకి ఎందుకు కాలింది నాన్నా?" అని అడిగాడు. అప్పటికి వాడూ పసివాడే. మా తమ్ముడు ఉన్నమాట చెప్పాడు. "అమ్మకి నిద్ర చాల్లేదురా. అందుకు."

అంతే. ఎవరూ వాడికి రూలు పెట్టలేదు. వాడే పెట్టాడు. "అమ్మ పడుకుంది" అన్న మాట ఆ ఇంట్లో చట్టమైపోయింది, వాడు జమేదారయ్యాడు. తలుపు గంట తీగ పీకేయించాడు. వాళ్ళ నాన్న చేత డిపో నుంచి పాత ట్యూబు ముక్కలు తెప్పించి, కుర్చీల కాళ్ళకీ స్టూలు కాళ్ళకీ తొడిగించాడు. ఆమె లేచేదాకా కుక్కరు పెట్టడానికి వీల్లేదు, కూత వేస్తుందని. గ్లాసుల కింద గుడ్డ. మాటలు లేవు, అన్నీ సైగలే. దాహమైతే బొటనవేలు పెదవికి. "ఇది నాది" అంటే అరచేయి గుండెకి. నడిపోడు తిట్టు కూడా ఒకటి కనిపెట్టాడు, ముక్కు పట్టి కిందికి లాగడం. ఆ సైగ చూసి పెద్దోడు వాడి మీద పడేవాడు. ఇద్దరూ కిందా మీదా పడి కొట్టుకునేవారు, చప్పుడు లేకుండా. ఒకడు గిల్లితే రెండోవాడు నోరు బార్లా తెరిచేవాడు గానీ గొంతు బయటికి వచ్చేది కాదు. టీవీలో మాట ఆపేసి బొమ్మ చూసినట్టుండేది.

ఒక దిండు కూడా ఉండేది. పాతది, నీలం గలేబుది. నవ్వు ఆగకపోతే ముఖం అందులో పెట్టుకోవాలి. ఏడుపు ఆగకపోయినా అందులోనే. ఎక్కువగా వాడేది నడిపోడే. ముఖం దిండులో కూరి, భుజాలు ఎగరేస్తూ, కాళ్ళు టపటపా కొట్టుకుంటూ నవ్వేవాడు. కాళ్ళకి మేజోళ్ళుండేవి కాబట్టి వాటికి అనుమతి ఉంది.

వచ్చినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళే. "ముగ్గురు మగపిల్లలున్న ఇల్లా ఇది! ఏం పెంపకమమ్మా!" అని. మా మరదలు మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. "పిల్లలన్నాక ఇల్లు పీకి పందిరెయ్యాలే. వీళ్ళేంటి, దొంగతనానికి వచ్చినట్టు అడుగులేస్తారు" అని ఎన్నిసార్లు అన్నానో. "వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు వదినా. నా మీద ప్రేమ" అనేది. అదీ నిజమే.

బడికి సెలవులిచ్చారు. ఆ రోజు పొద్దున ఆమె వచ్చి, ముగ్గురికీ పాలూ రొట్టే పెట్టి, తలలు ఒకసారి వాసన చూసి, గదిలోకి వెళ్ళి మందం కర్టెన్లు లాగేసింది. నేను నా కుట్టు దుకాణం తెరవడానికి పోతూ కిటికీలోంచి చూశాను. ముగ్గురూ నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటున్నారు. నాకేసి చేతులూపారు. పెద్దోడు అలవాటుగా వేలు పెదవుల మీద పెట్టాడు. "సర్లే, నీ ఇల్లు నువ్వే ఏలుకో" అని సైగ చేసి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తూ మెట్టు మీద కాలు పెట్టానో లేదో, కింద వాటాలోంచి కేక వినబడింది. ఆడమనిషి కేక. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లోంచి కేక వినడం నాకు అదే మొదలు.

లోపలికి పరిగెత్తాను. మా మరదలు జుట్టు విరబోసుకుని నేల మీద మోకాళ్ళ మీద ఉంది. గోడకి ఆనుకుని నడిపోడు కూర్చున్నాడు. వాడికి అటూ ఇటూ అన్నదమ్ములిద్దరూ కాపలా ఉన్నట్టు కూర్చున్నారు. నడిపోడి కుడి చేతికి తడి తువ్వాలు చుట్టి ఉంది. ఆమె దాన్ని విప్పుతోంది. మోచేయి మోచేయిలా లేదు. వాచి, వంకరపోయి, నల్లబడింది. కింద వేళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. వాడి ఒళ్ళంతా చెమట. నన్ను చూసి నవ్వబోయాడు వెధవ.

"ఎప్పుడు పడ్డాడ్రా?" అన్నాను.

"పొద్దున" అన్నాడు పెద్దోడు.

"పొద్దునంటే ఎప్పుడు?"

"అమ్మ పడుకున్న కాసేపటికి."

"ఇంతసేపు నన్ను లేపలేదేంరా?" అంది మా మరదలు.

పెద్దోడికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. తల్లి వంక చూసి, "నువ్వు పడుకున్నావు కదమ్మా" అన్నాడు.

ఒళ్ళో నీలం దిండు ఉంది నడిపోడికి. దాని మూల తడిసి ముద్దైంది, పంటి గాట్లతో గలేబు చిరిగి దూది బయటికి వచ్చింది. మా మరదలు అది చూసింది. పిల్లాణ్ణి ఎత్తుకుని చెప్పుల్లేకుండానే వీధిలోకి నడిచింది. నేను తాళం వేసి మిగతా ఇద్దర్నీ లాక్కుని వెనక పరిగెత్తి ఆటో ఆపాను.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడే. వేళ్ళు నొక్కి చూశాడు, మణికట్టు దగ్గర నాడి వెతికాడు, ముఖం మారిపోయింది. "మోచేతి పైన ఎముక విరిగింది. రక్తనాళం దాని కింద నలుగుతోంది. వేళ్ళకి రక్తం సరిగ్గా అందట్లేదు. పొద్దున పడితే ఇప్పుడా తీసుకొచ్చేది? ఇంట్లో ఎవరూ లేరా?"

"నేను ఉన్నాను" అంది మా మరదలు.

"ఏం చేస్తున్నారమ్మా మరి?"

"నిద్రపోతున్నాను."

డాక్టరు ఆమె వంక ఒక్క చూపు చూశాడు. అక్కడున్న నర్సు కూడా చూసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడొచ్చిన మనిషండీ ఆమె. మీరు పొద్దున తిన్న రొట్టె ఎవరు కాల్చారో తెలుసా?" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నొక్కింది, వద్దని. డాక్టరు అప్పటికే పిల్లాణ్ణి తోసుకెళ్ళమని చెబుతున్నాడు. చెయ్యి దక్కుతుందా అని ఆమె అడిగితే, "చూద్దాం" అన్నాడు. డాక్టర్లు చూద్దామంటే ఏమిటో మనకి తెలియంది కాదు.

ఆపరేషను గది బయట బల్ల మీద కూర్చున్నాం. బుడ్డోడు నా ఒళ్ళో నిద్రపోయాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. పెద్దోడు నా పక్కన కూర్చుని తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. అప్పుడు మెల్లగా అన్నాడు.

"అత్తా, నేను వాణ్ణి పట్టుకోలేదు."

"ఏంట్రా?"

"గోలీల డబ్బా కోసం ఎక్కాడు."

నాకు తెలిసిన డబ్బానే. బిస్కట్ల రేకు డబ్బా, నిండా గోలీలు. గచ్చు మీద దొర్లితే మోత అని ఆమె దాన్ని ముందు గదిలో బీరువా పైన పెట్టేసింది. పరుపు మీద ఆడుకుంటే చప్పుడు కాదు కదా అని నడిపోడికి ఆలోచన వచ్చిందట. అక్కడి మంచం మీద స్టూలు వేసి, దాని మీద ఎక్కి, డబ్బా అందుకున్నాడట. స్టూలుకి ట్యూబు ముక్కలున్నాయి, జారదనుకున్నారు. పరుపు మీద అది ఒరిగిపోయింది. వాడు ఒక పక్కకి, డబ్బా ఒక పక్కకి.

"నేను రెంటికీ మధ్యలో ఉన్నానత్తా. డబ్బా పట్టుకున్నాను."

నేను వాడి ముఖం చూశాను.

"డబ్బా పడితే మోగుతుంది కదా. వాడు పడితే అరవడు. వాడికి తెలుసు" అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధమైతే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది. వాడు నిజమే చెప్పాడు. ఒక్క గోలీ కూడా కింద పడలేదట. డబ్బాని మెల్లగా పరుపు మీద పెట్టి, అప్పుడు తమ్ముడి దగ్గరికి వెళ్ళాడట. నడిపోడు అప్పటికే దిండు కోసం చెయ్యి చాపుతున్నాడట, ఎడం చెయ్యి. బుడ్డోడు అమ్మని లేపుతానని గది వైపు పరిగెడితే, వీడే పట్టుకుని నోరు మూశాడట. "అలారం మోగితే అమ్మే లేస్తుంది, అప్పుడు చెబుదాం" అని సైగ చేశాడట. తువ్వాలు తడిపి చుట్టాడు. నీళ్ళు తాగించాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఎంత చేతనైతే అంతా చేశాడు.

"నేను డబ్బాని వదిలేయాల్సింది కదా" అన్నాడు.

వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. ముళ్ళకంపలా బిగుసుకుని ఉన్నాడు. తల తిప్పితే మా మరదలు తలుపు దగ్గర నిలబడి మా వైపే చూస్తోంది. అంతా విన్నదని ఆమె కళ్ళే చెప్పాయి.

తమ్ముడు ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. సంగతి విని భార్యతో, "పక్క గదిలోనే కదా. ఒక్కసారి కూడా మెలకువ రాలేదా నీకు?" అన్నాడు. కోపంతో అనలేదు, తట్టుకోలేక అన్నాడు.

"నీకు మెలకువ వచ్చిందేంట్రా ఇన్నేళ్ళూ?" అన్నాను నేను. "ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయావుగా? ట్యూబు ముక్కలు తెచ్చింది నువ్వు కాదూ?"

"అక్కా, ఇప్పుడొద్దు" అన్నాడు. నేనూ ఆపేశాను.

ఎముక సరిచేసి సన్నటి కమ్మీలు పెట్టి కట్టు కట్టారు. రక్తం మళ్ళీ అందుతోందన్నారు. కానీ గండం గడవలేదని డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పాడు. చాలాసేపు రక్తం అందక ఇప్పుడు అందితే లోపల కండ వాస్తుందట. వాపు మరీ ఎక్కువైతే మళ్ళీ రక్తం ఆగిపోతుంది. అప్పుడు వెంటనే కట్టు విప్పి చూడాలి, అవసరమైతే కోసి వాపు దింపాలి. ఆలస్యమైతే చెయ్యి పనికిరాకుండా పోతుంది.

"మరి మాకెలా తెలుస్తుంది?" అంది మా మరదలు.

"నొప్పే చెబుతుందమ్మా. మందిచ్చినా తగ్గకుండా పెరిగిపోతే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు. ఏడిస్తే చాలు, నర్సుని పిలవండి. నర్సు కూడా వచ్చి చూస్తుంటుంది" అన్నాడు ఆయన.

మా మరదలు నా వంక చూసింది. మా ఇద్దరికీ ఒకటే ఆలోచన. గుక్కపెట్టి ఏడవడం ఆ పిల్లాడికి రాదు.

ఆ రాత్రంతా ఆమె రెప్ప వేయలేదు. మర్నాడు నేను దుకాణం మూసేసి వెళ్ళేసరికి కళ్ళు గాజుగోలీల్లా ఉన్నాయి. ముందు రాత్రి బట్టీలో పని, ఆ పగలు సగం నిద్ర, తరవాత ఇది. "కాసేపు నడుం వాల్చవే, నేనున్నాగా" అంటే వినదు. "నేను పడుకుంటే వాడు చెప్పడు వదినా" అంటుంది. నర్సు వచ్చి నొప్పిగా ఉందా అంటే నడిపోడు తల అడ్డంగా ఊపుతాడు. "ఎంత బుద్ధిమంతుడో! ఈ వార్డులో ఇంత ఓర్పున్న పిల్లాణ్ణి చూడలేదు" అని నర్సు మెచ్చుకుంది. మా మరదలు ముఖం పాలిపోయింది. ఒకప్పుడు ఆ మాటకే మురిసిపోయిన మనిషి.

చివరికి ఆమె వాడికి అరవడం నేర్పడానికి కూర్చుంది. నవ్వకండి. మంచం పక్క కుర్చీలో కూర్చుని, "నాన్నా, ఇది ఆట. నేను పడుకున్నట్టు కళ్ళు మూసుకుంటాను. నువ్వు అమ్మా అని గట్టిగా అరిచి లేపాలి. సరేనా?" అంది.

వాడికి ఆట అంటే ఇష్టమే. కళ్ళు మూసుకుంది. వాడు పెదవులు కదిపాడు. "అమ్మా" అన్నాడు, ఊదినట్టు.

"వినబడలేదు."

"అమ్మా."

"ఇంకా వినబడలేదురా. వార్డంతా వినబడాలి. నీకు నొప్పొస్తే నేను పడుకున్నా సరే, నాన్న పడుకున్నా సరే, ఊరంతా పడుకున్నా సరే, అరవాలి. నాకేం కాదు. నా చెయ్యి కాలదు. సరేనా బంగారం?"

వాడు తలాడించి, గొంతు సవరించుకున్నాడు, ఏదో పాట పాడబోతున్నవాడిలా. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. వాడు నోరు తెరిచాడు. తెరిచి ఆగిపోయాడు. ఎందుకంటే ఆమె తల పక్కకి వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది, చెయ్యి కుర్చీ మీంచి జారిపోయింది. నిద్ర నటిస్తూ నటిస్తూ ఆ మనిషి నిజంగానే నిద్రపోయింది.

నడిపోడు నా వంక చూసి వేలు పెదవుల మీద పెట్టాడు.

నాకు లేపాలని ఒక పక్క, పడుకోనిద్దామని ఒక పక్క. నేనున్నాను కదా, నేను చూసుకుంటాలే అనుకున్నాను. వాడు కాసేపు తల్లినే చూశాడు. తరవాత ముఖం అటు తిప్పి దిండులో దాచుకున్నాడు. భుజాలు ఎగరడం మొదలెట్టాయి. ఆమె నోరు తెరిచి పడుకున్న తీరు చూసి వీడికి నవ్వు ఆగడం లేదనుకున్నాను. ఎన్నిసార్లు చూడలేదు! "నవ్వకురా వెధవా, చెయ్యి కదులుతుంది" అని గుసగుసగా అని నేను కూడా నవ్వాను.

ఇంతలో చూడటానికి వచ్చే వేళ అయింది. తలుపులు తెరిచారు. పెద్దోడు ముందుగా వచ్చాడు, రెండు చేతులతో స్టీలు క్యారియరు పట్టుకుని, ఒలక్కుండా, మోగకుండా, మునివేళ్ళ మీద. వెనక ఎక్కడో తమ్ముడు బుడ్డోణ్ణి ఎత్తుకుని వస్తున్నాడు. పెద్దోడు మంచం చివరికి వచ్చి తల్లిని చూశాడు, పడుకుంది. నడిపోణ్ణి చూశాడు. నేను నవ్వుతూ వాడికి సైగ చేశాను, వీడి నవ్వు చూడు అని.

వాడు నా వంక చూడలేదు. దుప్పటి కింద నుంచి బయటికి వచ్చిన తమ్ముడి కాళ్ళ వంక చూస్తున్నాడు. నవ్వితే నడిపోడి కాళ్ళు టపటపా కొట్టుకుంటాయి. ఆ కాళ్ళు కదలడం లేదు. వేళ్ళు ముడుచుకుని కట్టెల్లా బిగుసుకుని ఉన్నాయి.

పెద్దోడు చేతులు వదిలేశాడు.

ఆ మోత నేను చచ్చేదాకా మరిచిపోలేను. గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడి, మూతలు దొర్లి, ఒకటి వార్డు ఆ చివరిదాకా గింగిరాలు తిరుగుతూ పోయింది. అది ఆగకముందే వాడి గొంతు. "అమ్మా! లే! అమ్మా, వాడు ఏడుస్తున్నాడు! లేమ్మా!" అంత గొంతు వాడికి ఉందని మాకెవరికీ తెలియదు.

ఆమె కుర్చీలోంచి లేవడం నేను చూడలేదు. చూసేసరికి పిల్లాడి ముఖం ఆమె చేతుల్లో ఉంది. దిండు తీసేసింది. వాడి కింది పెదవి మీద నెత్తురు. "నొప్పమ్మా" అన్నాడు చిన్నగా. కట్టు చివర వేళ్ళు ఉబ్బి తెల్లబడుతున్నాయి. నేను నర్సు కోసం అరిచాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. నర్సు కత్తెర తెచ్చింది, డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, కట్టు కోసేసి మంచాన్ని అలాగే తోసుకుపోయారు. దానితో పాటు ఆమె, తమ్ముడు కూడా పరిగెత్తారు. బుడ్డోణ్ణి నా చేతుల్లో పడేసి వెళ్ళాడు.

చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. వాపు దించాం, రక్తం ఆడుతోంది, వేళ్ళు వేడెక్కాయి, చెయ్యి ఉంటుంది అన్నాడు. చివరి రెండు వేళ్ళు పూర్తిగా చాపగలడో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఈ మాట కూడా చెప్పేవాణ్ణి కాదన్నాడు. తమ్ముడు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

మా మరదలు పెద్దోడి కోసం వెతికింది. వాడు వార్డులోనే ఉన్నాడు, ఖాళీ అయిన మంచం చోట. నేల మీద కూర్చుని ఒలికిన అన్నాన్ని చేతులతో దగ్గరికి చేర్చి గిన్నెలోకి ఎత్తుతున్నాడు. గిన్నె గచ్చుకి తగలకుండా చొక్కా అంచు కింద పెట్టాడు. తల్లి అడుగులు విని తలెత్తాడు.

"చప్పుడైందమ్మా" అన్నాడు.

ఆమె వాడి ఎదురుగా ఆ అన్నంలోనే కూర్చుండిపోయింది. గిన్నె వాడి చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"అవును నాన్నా" అంది. "నాకు వినబడింది."

అప్పుడు ఏడ్చాడు వాడు. నోరు తెరిచి, గుక్కపెట్టి, పక్క మంచాల వాళ్ళంతా లేచి చూసేలా ఏడ్చాడు. నర్సు వచ్చి ఏదో అనబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. వాడి నోరు ఎవరూ మూయలేదు.